తన పాత్రను తానే ధరించిన వీరుడు

దూరపు కొండలు నునుపన్న సామెత యుద్ధమునకును చెల్లును. కథగా వినువారికి యుద్ధము ఉత్సాహకరము. చూచి వచ్చినవారికి అది చెప్పనలవికాని బరువు. మన పురాణములలోను, వీరగాథలలోను బాలవీరులకు కొదవ లేదు. పద్మవ్యూహము చొచ్చిన అభిమన్యుడు మరలి రాలేదు. కారెంపూడి కదనమున దూకిన పల్నాటి బాలచంద్రుడును మరలి రాలేదు. వారి కథ వారి మరణముతోనే పరిపూర్ణమైనది. వారు బ్రతికి ఇంటికి వచ్చియుండినచో, ఆ రణరంగమును గుండెలో మోసికొని ఇంకను పాతిక యేండ్లు జీవించియుండినచో, ఏమై యుండెడివారో ఏ కవియు చెప్పలేదు.

అమెరికా దేశమున అట్టి బాలవీరుడొకడు బ్రతికి వచ్చెను. అతని పేరు ఆడీ మర్ఫీ. ఇరువదియేండ్లు నిండకుండగనే అతడు తన దేశపు పదాతిసైన్యమున శౌర్యమునకిచ్చు పతకములనన్నింటిని పొందెను; అటుపిమ్మట చలనచిత్రనటుడై నలుబదికి పైగా చిత్రములలో నటించెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున యుద్ధరంగమునకు పోయిన నటులు పలువురు గలరు. అప్పటికే ప్రఖ్యాతుడైన జేమ్స్ స్టూవర్ట్ బాంబరు విమానమును నడుపుచు శత్రుభూములపై 20 దాడులలో పాల్గొనెను. క్లార్క్ గేబుల్ బాంబరు విమానములలో శత్రుభూములమీదికి పోయి వచ్చెను. ఫ్రాన్సు దేశపు మేటినటుడు జా గాబె స్వతంత్ర ఫ్రెంచి సేనయందలి టాంకుదళమున పనిచేసెను. వారందరు నటులై యుండి సైనికులైరి. మర్ఫీ సైనికుడై యుండి నటుడయ్యెను. ఈ తారతమ్యము చిన్నది కాదు. వారికి యుద్ధము జీవితమధ్యమున వచ్చిన అంతరాయము. అతనికి యుద్ధమే యౌవనము, యుద్ధమే విద్య, యుద్ధమే జీవనోపాధికి మూలధనము. అంతేగాక మరి ఏ నటునకును రాదగని పరీక్ష యొకటి అతనికి వచ్చెను. తాను చేసిన పోరును, తన కన్నులయెదుట కూలిన మిత్రుని మరణమును, పదియేండ్ల తరువాత కెమెరా ముందు తానే మరల నటింపవలసి వచ్చెను.

ప్రత్తిచేలలో బాల్యము

1925 జూన్ 20వ తేదీన టెక్సాస్ రాష్ట్రమున, హంట్ జిల్లాలోని కింగ్‌స్టన్ అను పల్లె సమీపమున ఆడీ లియాన్ మర్ఫీ జన్మించెను. తల్లిదండ్రులకు కలిగిన పన్నెండుగురు సంతానములో అతడు ఏడవవాడు. తండ్రి పంటలో పాలు పంచుకొను ఒప్పందముపై పరుల భూమిని దున్నుకొను బీదరైతు. సొంత పొలము లేదు. సొంత ఇల్లును లేదు. 1930 ప్రాంతమున అమెరికాను క్రుంగదీసిన ఆర్థికమాంద్యమున ప్రత్తిధర పడిపోయినపుడు అట్టి కుటుంబముల బ్రతుకు మరింత దుర్భరమయ్యెను. తండ్రి అప్పుడప్పుడు ఇల్లు విడిచి పోవుచుండెడివాడు. తుదకు కుటుంబమును పూర్తిగా విడిచిపెట్టి పోయెను.

ఆడీ అయిదవ తరగతితో బడి మానెను. ప్రత్తి ఏరి కూలిడబ్బులు తెచ్చెను. తుపాకి పట్టి కుందేళ్లను, ఉడుతలను కొట్టితెచ్చి ఇంటివారి ఆకలి తీర్చెను. తూటాలు కొనుటకు డబ్బులు లేని యింట గురి తప్పుట యనగా ఆ పూటకు పస్తే. లోకము తరువాత మెచ్చుకొన్న అతని గురి, సైన్యము నేర్పినది కాదు, ఆకలి నేర్పినది.

1941 మే నెలలో తల్లి మరణించెను. అప్పటికి అతనికి పదునారేండ్లు నిండలేదు. అందరికంటె చిన్నవారైన ముగ్గురు తోబుట్టువులు అనాథాశ్రమమునకు చేరవలసి వచ్చెను. ఎదిగీయెదగని ఆ బాలుడు దుకాణములలో పనిచేయుచు, తన పొట్ట తాను పోసికొనుచు, చెల్లాచెదరైన ఇంటిని మరల ఒక్కచోట చేర్చుట యెట్లో తెలియక తిరుగుచుండెను.

ఆ యేడే డిసెంబరు 7వ తేదీన పెరల్ హార్బర్‌పై జపాను దాడి జరిగెను. ఆడీ సైన్యమున చేరబోయెను. వయస్సు చాలదని పంపివేసిరి. అంతట అతని అక్క, అతడు 1924లోనే జన్మించినట్లు ప్రమాణపత్రము వ్రాసి యిచ్చెను. నావికాదళమునకు చెందిన మెరీను సైనికులు అతనిని తీసికొనలేదు. గొడుగులతో ఆకాశమునుండి దిగు దళమువారును తీసికొనలేదు. అతని ఎత్తు అయిదడుగుల అయిదున్నర అంగుళములు. బరువు 112 పౌనులు. చివరకు 1942 జూన్ నెలాఖరున పదాతిదళము అతనిని చేర్చుకొనెను. జన్మసంవత్సరమును గూర్చిన ఆ అబద్ధము ఒక్క యేడాదికి సంబంధించినదే. కాని అది అతనిని జీవితాంతమును, జీవితానంతరమును విడువలేదు.

సిసిలీ నుండి ఫ్రాన్సు వరకు

శిక్షణాశిబిరమున మొదటి దినములలోనే కవాతు చేయుచు అతడు సొమ్మసిల్లి పడెను. ఈ బక్కపిల్లవాడు పోరాటమునకు పనికిరాడని తలంచి, కంపెనీ అధికారి అతనిని వంటపని నేర్పు బడికి పంపజూచెను. అతడు పట్టుబట్టి తుపాకిపట్టు పనియందే నిలిచెను. 1943 ఫిబ్రవరిలో ఉత్తర ఆఫ్రికాయందలి కాసాబ్లాంకా నగరమున దిగి, 3వ పదాతి డివిజనులో, 15వ రెజిమెంటునందలి బి కంపెనీలో చేరెను. జూలై 10న ఆ డివిజను సిసిలీ ద్వీపమున లికాటా వద్ద దిగెను. ఆ ద్వీపముననే, గుర్రములపై పారిపోవుచున్న ఇద్దరు ఇటలీ అధికారులను అతడు కాల్చి చంపెను. అతనికప్పుడు వాస్తవముగా పదునెనిమిదేండ్లు. ప్రత్తిచేలలో కుందేళ్లపై నేర్చిన గురి మనుష్యులపై పనిచేసెను.

సెప్టెంబరులో యుద్ధము ఇటలీ భూమిపైకి సాగెను. కసీనో కొండల వద్ద జర్మనులు అడ్డుకట్ట వేసి నిలువగా, వారి వెనుకకు పోవలెనని 1944 జనవరిలో మిత్రరాజ్యముల సేనలు ఆన్జియో తీరమున దిగెను. ఆ శీతకాలముననే కసీనో వద్ద 4వ భారత డివిజను సైనికులు అపారమైన నష్టములకోర్చి పోరాడిరి. ఆన్జియోలో మర్ఫీ పటాలము నెలల తరబడి బురదకందకములలో చిక్కుకొని యుండెను. మలేరియా జ్వరము అతనిని ఆసుపత్రి పాలుచేసెను. జ్వరము తగ్గగనే అతడు మరల కందకమునకే వచ్చెను. మార్చి 2న, సిబ్బందిని కోల్పోయి నిలిచిన జర్మను టాంకు వద్దకు ఒంటరిగా ప్రాకుచు పోయి, తుపాకితో విసరు గ్రెనేడులతో దానిని ధ్వంసము చేసెను. అతని తొలి శౌర్యపతకము దానికి వచ్చినదే. జూన్ 4న రోము నగరము మిత్రసేనల వశమయ్యెను. అప్పటికి అతనితో సిసిలీలో దిగినవారిలో అనేకులు మరణించియో, క్షతగాత్రులైయో వెడలిపోయిరి. కంపెనీలో పాతముఖములు తగ్గుచు, క్రొత్తముఖములు పెరుగుచుండెను.

మిగిలిన పాతవారిలో లాటీ టిప్టన్ ఒకడు. టెన్నెసీ రాష్ట్రమువాడు, వయస్సున పెద్దవాడు, ఒక కుమార్తెకు తండ్రి. తండ్రి విడిచిపోయిన ఆడీకి అతడు అన్నయు, నేస్తమును అయ్యెను. 1944 ఆగస్టు 15న వారి డివిజను ఫ్రాన్సు దక్షిణతీరమున, రామాటుయెల్ గ్రామము వద్ద దిగెను. తీరమునుండి లోపలికి పోవుచుండగా కొండపైనుండి మరతుపాకులు వారిని అడ్డగించెను. కొంతసేపటికి జర్మనులు తెల్లగుడ్డ ఊపిరి. లొంగిపోవుచున్నారని నమ్మి టిప్టన్ లేచి నిలువబడెను. మరుక్షణమున తూటాలు తగిలి కూలిపోయెను.

పిమ్మట మర్ఫీ ఒక్కడే ఆ కొండపైకి పోయెను. మరతుపాకి స్థావరములపై దుమికి ఆరుగురిని చంపెను, ఇద్దరిని గాయపరచెను, పదునొకండుగురిని పట్టుకొనెను. ఈ కార్యమునకు అతనికి డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ అను గొప్ప పతకము లభించెను. కాని పతకపత్రమున వ్రాయని దొకటి గలదు. అంతకుముందు వరకు అతడు భయమును జయించిన సైనికుడు. ఆనాటినుండి దుఃఖమును దాచుకొన్న సైనికుడు. టిప్టన్ మరణము అతనిని జీవితమంతయు వెన్నాడెను.

అక్టోబరులో ఈశాన్య ఫ్రాన్సు కొండలలో మూడు దినముల వ్యవధిలో రెండు సిల్వర్ స్టార్ పతకములు పొందెను. అదే నెలలో, అయిదవ తరగతితో బడి మానిన ఆ సార్జంటును రణరంగముననే సెకండ్ లెఫ్టినెంటుగా నియమించిరి. పండ్రెండు దినములకే చాటుననుండి కాల్చిన తూటా అతని తుంటిలో దిగెను. గాయము కుళ్లెను; వైద్యులు తుంటికండ కొంత తొలగించిరి. 1945 జనవరిలో అతడు ఆసుపత్రి విడిచి మంచుతో కప్పబడిన ఆల్సేస్ సీమలోని తన కంపెనీకి చేరెను.

మండుచున్న శకటముపై

జనవరి 26వ తేదీ. హోల్ట్‌జ్‌విర్ అను గ్రామము వెలుపల, అడవి అంచున బి కంపెనీ నిలిచియుండెను. అంతకు మున్ను రెండు దినముల పోరాటములో కంపెనీ అధికారులు పోయిరి; పోరగలిగినవారు కొద్దిమంది మాత్రమే మిగిలిరి. పందొమ్మిదేండ్ల మర్ఫీయే కంపెనీకి నాయకుడు. అతని కాళ్లకును అప్పటికే గాయములు తగిలియుండెను. మధ్యాహ్నవేళ గ్రామమువైపునుండి ఆరు జర్మను టాంకులును, వాని వెంట పదాతులును బారులుతీరి మంచుపొలములపై రాసాగిరి. మర్ఫీకి తోడుగా నున్న టాంకు విధ్వంసక శకటములలో ఒకదానికి ఫిరంగిగుండు తగిలి మంటలు లేచెను. దాని సిబ్బంది అడవిలోనికి తప్పుకొనిరి.

మర్ఫీ తనవారినందరిని అడవిలోనికి పొమ్మని ఆజ్ఞాపించెను. తాను మాత్రము టెలిఫోను పట్టుకొని ముందే నిలిచి, వెనుకనున్న ఫిరంగిదళమునకు గురి చెప్పుచుండెను. టాంకులు దగ్గరకు రాగా అతడు మండుచున్న శకటముపై కెక్కి, దానిపై బిగించియున్న పెద్ద మరతుపాకిని పట్టెను. శకటములో చమురును, మందుగుండును గలవు; అది ఏ క్షణముననైనను ప్రేలవచ్చును. ఆ భయముననే టాంకులును దానికి దూరముగా తొలగి నడచెను. మూడువైపులనుండి శత్రువులు కాల్చుచుండ అతడు ఇంచుమించు ఒక గంటసేపు ఆ మంటపై నిలిచెను. ఒక జర్మను జట్టు పది గజముల దగ్గరకు ప్రాకివచ్చి అచ్చటనే కూలెను. మూడు దినములుగా చలికి మొద్దుబారిన తన పాదములు ఆనాడే మొదటిసారి వెచ్చబడినవని అతడు తరువాత చెప్పుకొనెను. పదాతులు కూలిపోవ తోడులేక టాంకులు వెనుదిరిగెను. తూటాలు అయిపోయిన పిదప మర్ఫీ క్రిందికి దిగి, గాయపడిన కాలితో అడవిలోనికి నడచి, చికిత్స వలదని చెప్పి, తనవారిని కూడగట్టి ఎదురుదాడి చేయించెను. అతనివలన చనిపోయినవారు, గాయపడినవారు సుమారు 50 మంది యని సైన్యము లెక్కించినది.

1945 జూన్ 2న, ఐరోపాలో యుద్ధము ముగిసిన తరువాత, ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ సమీపమున జనరల్ పాచ్ అతనిని తన దేశపు అత్యున్నత శౌర్యపతకమైన మెడల్ ఆఫ్ ఆనర్‌తో సత్కరించెను. ఇరువదవ పుట్టినదినమునకు ఇంకను పదునెనిమిది దినములుండెను.

హాలీవుడ్ పిలుపు

జూలై 16 నాటి లైఫ్ పత్రిక ముఖచిత్రముగా అతని ఛాయాచిత్రమును ప్రచురించెను. నునులేత ముఖము, చిరునవ్వు, రొమ్మునిండ పతకములు. దేశము తనకు కావలసిన వీరుని ఆ ముఖమున చూచుకొనెను. టెక్సాస్‌లో ఊరూర సన్మానములు జరిగెను. అతడు తనకు వచ్చిన ధనముతో ఫార్మర్స్‌విల్ పట్టణమున అక్కకు ఇల్లు కొనియిచ్చి, అనాథాశ్రమమునందున్న తోబుట్టువులను బయటకు తెచ్చెను. యుద్ధము వలన అతడు స్వయముగా కోరుకొన్న ఫలితమేదైన గలదన్నచో అది యిదే.

ఆ ముఖచిత్రమును ప్రసిద్ధనటుడు జేమ్స్ కాగ్నీ చూచెను. ఆ ముఖమున నటుడు దాగియున్నాడని తలంచి హాలీవుడ్‌కు ఆహ్వానించెను. వచ్చిన యువకుడు కృశించి, అలసి యుండుట చూచి కొంతకాలము తన ఇంటనే ఉంచుకొనెను. కాగ్నీయు, అతని సోదరుడును మర్ఫీతో ఒప్పందము చేసికొని, నటనయు, ఉచ్చారణయు నేర్పించిరి. కాని రెండేండ్లు గడచినను ఒక్క పాత్రయు దొరకలేదు. 1947లో ఆ సంబంధము తెగెను. రొమ్మున అన్ని పతకములు గల వీరుడు కొంతకాలము ఒక వ్యాయామశాలలో పరుండి కాలక్షేపము చేసెను. సన్మానసభలకు పిలుచువారు పెక్కండ్రు. పని యిచ్చువారు అరుదు.

1948లో ఒక చిత్రమున చిన్నవేషము వచ్చెను. 1949లో వచ్చిన బాడ్ బాయ్ చిత్రమున, టెక్సాస్ సినిమాశాలల యజమానుల పట్టుదలవలన, దారితప్పిన కుర్రవానిగా ప్రధానపాత్ర లభించెను. అటుపిమ్మట యూనివర్సల్ సంస్థ అతనిని తీసికొని, 1950లో ది కిడ్ ఫ్రమ్ టెక్సాస్ చిత్రమున బిల్లీ ది కిడ్ అను బందిపోటుగా చూపెను. నాటినుండి గుర్రము, పిస్తోలు, ఎడారిబాటలు అతని నిత్యవేషములైనవి. అట్టి కౌబాయ్ చిత్రములే అతని కీర్తికి ఆధారము. అతడు గొప్పనటుడు కాడు. ఆ మాట అందరికంటె ముందు తానే చెప్పుకొనుచుండెడివాడు. అయినను తెరపై అతడు తుపాకి తీసినపుడు ప్రేక్షకుల ఒడలు జలదరించెడిది. పెద్దగొంతు లేదు, భారీదేహము లేదు. ఆ నిమ్మళమే భయము గొల్పెడిది. 1959లో వచ్చిన నో నేమ్ ఆన్ ది బులెట్ చిత్రమున అతడు కిరాయికి మనుష్యులను చంపువాడు. ఊరిలోనికి వచ్చి ఊరక కూర్చుండును. ఎవరిని చంపవచ్చెనో ఎవరికిని తెలియదు. ఎవరి పాపము వారిని భయపెట్టగా ఊరే కలతపడిపోవును. చావును దగ్గరగా చూచినవాని మౌనమే ఆ పాత్రకు ప్రాణము.

తెరపై తన మరణయాత్ర

అంతకు మున్ను దర్శకుడు జాన్ హ్యూస్టన్ అతనిలో మరియొక దానిని చూచెను. స్టీఫెన్ క్రేన్ 1895లో ప్రచురించిన ది రెడ్ బాడ్జ్ ఆఫ్ కరేజ్ అను నవలను హ్యూస్టన్ చిత్రముగా తీసెను. అమెరికా అంతర్యుద్ధమున మొదటి పోరులో భయపడి పారిపోయి, సిగ్గుతో మరల వచ్చి పోరాడు కుర్రసైనికుని కథ అది. నవల వ్రాసిననాటికి క్రేన్ ఏ యుద్ధమును చూడలేదు. నటించిన మర్ఫీ చూడరానంత చూచెను. దేశమున అందరికంటె ధీరుడని పేరుపొందినవాడు పిరికివాని వేషము వేయుట వింతగా తోచును. కాని భయము తెలియనివాడు ధీరుడన్నది యుద్ధము చూడనివారి తలంపు. భయము ఎట్టిదో మర్ఫీ ఎరుగును. ఆ చిత్రమున అతని కన్నులలో కనబడు బెదరు నేర్చుకొన్న నటన వలె తోచదు. తొలిప్రదర్శనలు చూచినవారు మెచ్చకపోవుటచే సంస్థవారు చిత్రమును 69 నిమిషములకు కుదించి 1951లో విడుదల చేసిరి. అది ధనము తేలేదు. విమర్శకులు మాత్రము నేటికిని అతని ఉత్తమచిత్రములలో దానిని లెక్కింతురు.

1949లో అతని స్వీయయుద్ధగాథ టు హెల్ అండ్ బాక్ వెలువడెను. నరకమునకు పోయి తిరిగివచ్చుట యని ఆ పేరునకర్థము. రచనలో అతనికి మిత్రుడు డేవిడ్ మెక్‌క్లూర్ తోడ్పడెను. అందు తన పతకములను గూర్చిన గొప్పలు లేవు. చనిపోయిన నేస్తములే ముఖ్యపాత్రలు. లాటీ టిప్టన్‌ను వేరు పేరుతో చిత్రించి, గ్రంథమును అతనికిని, మరణించిన మరియొక నేస్తమునకును అంకితమిచ్చెను.

ఆ గ్రంథమును యూనివర్సల్ సంస్థవారు చిత్రముగా తీయ సంకల్పించి, ఆడీ మర్ఫీ వేషమును ఆడీ మర్ఫీయే వేయవలెనని కోరిరి. అతడు మొదట ఒప్పుకొనలేదు. మరియొక నటుని తీసికొనుడని చెప్పెను. తుదకు ఒప్పుకొనెను. చిత్రీకరణము వాషింగ్టన్ రాష్ట్రమున, సైన్యమునకు చెందిన భూములలో, నిజమైన సైనికుల సహాయముతో జరిగెను. ఆల్సేస్ మంచు అచ్చట లేదు. టాంకు విధ్వంసక శకటమునకు బదులు టాంకు నొకదానిని పెట్టిరి. మంటలు సిద్ధముచేసినవి, శవములు లేచి నడచిపోవు శవములు. పందొమ్మిదేండ్లనాడు ప్రాణమునకు తెగించి ఎక్కిన మంటను, ముప్పదేండ్లకు దగ్గరి వయస్సున జీతమునకు నటుడై అతడు మరల ఎక్కెను. నిజముగా జరిగినపుడు ఒక్కసారియే జరిగినది. కెమెరా ముందు దృశ్యము కుదురువరకు ఎన్నిసార్లైనను జరుగవలెను. మిత్రుడు కూలిన ఘట్టమునందును అంతే. ఇతర నటులు లేని దుఃఖమును తెచ్చుకొని చూపవలెను. అతడు ఉన్న దుఃఖమును కొలతకు తగ్గించి చూపవలసి వచ్చెను.

1955 ఆగస్టులో శాన్ ఆంటోనియో నగరమున తొలిప్రదర్శనము జరిగెను. జనము వరదవలె వచ్చిరి. యూనివర్సల్ సంస్థకు అంతవరకు వచ్చిన విజయములలో మిక్కిలి పెద్దవానిలో అదియొకటి. మర్ఫీకి లాభములో వాటాయు, ధనమును సమృద్ధిగా ముట్టెను. ఆ పిదప 1957లో జేమ్స్ స్టూవర్ట్‌తో కలిసి నైట్ పాసేజ్ చిత్రమున అన్నదమ్ములుగా నటించెను. యుద్ధము చూచిన ఇద్దరు నటులు ఒక్క చిత్రమున కలిసిరి. 1958లో గ్రాహం గ్రీన్ నవల ఆధారముగా వచ్చిన ది క్వైట్ అమెరికన్ చిత్రమున సైగాన్ నగరమునకు వచ్చిన అమెరికా యువకుడుగా కనబడెను. 1961లో టెలివిజనున విస్పరింగ్ స్మిత్ అను వరుసకథలో అపరాధపరిశోధకుని పాత్ర ధరించెను.

రాత్రులు

పగటి కథ యిది. రాత్రుల కథ వేరు. యుద్ధమునుండి వచ్చిన నాటినుండి అతనికి నిద్ర లేదు. పట్టిన కొంచెము నిద్రలోను పీడకలలు. గుండ్లు నింపిన పిస్తోలు తలగడక్రింద లేనిదే పరుండలేకపోయెను. 1949లో అతడు నటి వాండా హెన్డ్రిక్స్‌ను వివాహమాడెను. 1951లో ఆ వివాహము తెగిపోయెను. ఒకప్పుడు అతడు తనపై తుపాకి గురిపెట్టెనని ఆమె తరువాత చెప్పెను. జర్మనీలోని అనాథబాలలను వార్తాచిత్రమున చూచి అతడు కన్నీరు కార్చెననియు ఆమెయే చెప్పెను. ఆ రెండును ఒక్క గాయమునుండి వచ్చినవే. ఆ బాలల తండ్రులలో కొందరిని తానే చంపియుండవచ్చునను తలంపు అతనిని విడువలేదు.

1951లోనే పామెలా ఆర్చర్‌ను వివాహమాడెను. వారికి ఇద్దరు కుమారులు కలిగిరి. నిద్రకొరకు వైద్యులిచ్చిన మాత్రలకు అతడు బానిసయయ్యెను. ఆ సంగతి గ్రహించిన దినమున, 1960 తరువాతి దశకపు నడుమ, ఒక మోటెలు గదిలో ఒంటరిగా తలుపు మూసికొని, సుమారు వారము దినములు నరకయాతన పడి ఆ అలవాటును తెంచుకొనెను. జూదమును మాత్రము తెంచుకొనలేకపోయెను. గుర్రపుపందెములలోను, పేకాటలోను సంపాదించినదంతయు పోయెను. వ్యాపారములలో పెట్టినదియు పోయెను. కౌబాయ్ చిత్రములకు గిరాకి తగ్గెను. అప్పులు పెరిగెను. ఆ కష్టకాలమున మద్యము, సిగరెట్ల ప్రకటనలలో కనబడినచో ధనమిత్తుమని వచ్చినవారిని త్రిప్పిపంపెను. తనను చూచి పిల్లలు చెడుట అతని కిష్టము లేదు. తన పతకములను పెక్కింటిని పిల్లలకు పంచిపెట్టెనని చెప్పుదురు.

ఆ కాలమున సైనికుని మనోవ్యాధిని పోరాటపు అలసట యనిరి. అనేకులు పిరికితనమనియే తలంచిరి. కావున అట్టి వ్యాధి గలవారు నోరు మెదపలేదు. మర్ఫీ మెదపెను. తన నిద్రలేమిని, తన కలలను, తన మాత్రలను దాచక లోకమునకు చెప్పెను. కొరియా నుండియు, వియత్నాము నుండియు వచ్చిన సైనికుల మనస్సులకు కలిగిన గాయములను ప్రభుత్వము గుర్తింపవలెననియు, చికిత్స చేయింపవలెననియు కోరెను. మెడల్ ఆఫ్ ఆనర్ పొందినవానిని పిరికివాడని ఎవరును అనజాలరు గదా. హోల్ట్‌జ్‌విర్ వద్ద శత్రువు ఎదుట నిలువబడుటకు వలసిన ధైర్యమొకటి. తాను చెడినవాడనని స్వజనుల ఎదుట చెప్పుకొనుటకు వలసిన ధైర్యము మరియొకటి. మొదటిదానికి పతకమున్నది, రెండవదానికి లేదు. ఆ వ్యాధికి ఒక నిర్దిష్టమైన పేరు పెట్టి అమెరికా మానసికవైద్యులు తమ గ్రంథమున చేర్చుట 1980లో గాని జరుగలేదు. అప్పటికి అతడు లేడు.

సాదారాయి

1971 మే 28న, వ్యాపారకార్యమై పోవుచున్న మర్ఫీ ప్రయాణము చేసిన చిన్నవిమానము, వానలోను పొగమంచులోను దారి తప్పి, వర్జీనియా రాష్ట్రమందలి బ్రష్ కొండకు కొట్టుకొని కూలెను. విమానచోదకుడును, మర్ఫీయును, మరి నలుగురు ప్రయాణికులును మరణించిరి. అడవిలో శకలములు కనబడునప్పటికి మూడు దినములు పట్టెను. అది మే 31వ తేదీ. యుద్ధములలో మరణించిన సైనికులను అమెరికా ప్రజలు స్మరించుకొను దినము. అతనికి 45 ఏండ్లు. సుమారు రెండేండ్లపాటు తూటాలకు చిక్కని ప్రాణము కొండమంచులో చిక్కెను.

జూన్ 7న రాజధాని సమీపమందలి ఆర్లింగ్టన్ జాతీయశ్మశానమున సైనికమర్యాదలతో అతనిని ఖననము చేసిరి. కుటుంబమునకు అతడు విడిచినవి ఎక్కువగా అప్పులే. భార్య పామెలా మాజీసైనికుల ఆసుపత్రిలో ఉద్యోగమున చేరి, 35 ఏండ్లు అచ్చట రోగులగు సైనికుల మంచిచెడ్డలు చూచుచు గడపి, 2010లో మరణించెను. ఏ గాయమును తన ఇంట చూచెనో ఆ గాయమునకే ఆమె తన జీవితమును ధారపోసెను. శాన్ ఆంటోనియోలోని మాజీసైనికుల ఆసుపత్రికి మర్ఫీ పేరు పెట్టిరి.

కురుక్షేత్రమున గెలిచిన తరువాత ధర్మరాజునకు రాజ్యము రుచింపలేదు. శాంతిపర్వమున అతని దుఃఖమును తీర్చుటకు భీష్ముడంతటివాడు శరతల్పమునుండి బోధింపవలసి వచ్చెను. మర్ఫీకి అట్టి భీష్ముడు లేడు. జనము అతనిని వీరుడవని పొగడిరి. సినిమావారు ఆ వీరత్వమును మరల చేసి చూపుమనిరి. రాత్రి తలుపు మూసిన తరువాత అతనికి తోడు నిలిచినది తలగడక్రింది పిస్తోలు మాత్రమే.

ఆర్లింగ్టన్‌లో మెడల్ ఆఫ్ ఆనర్ పొందినవారి సమాధిరాళ్లపై అక్షరములకు బంగారుపూత వేయుట ఆచారము. మర్ఫీ రాతిపై ఆ పూత లేదు. సామాన్యసైనికుని రాయివలె సాదాగా ఉండవలెనని అతడు కోరుకొన్నట్లు చెప్పుదురు. ఆ శ్మశానమున అధ్యక్షుడు కెన్నెడీ సమాధి తరువాత జనులు ఎక్కువగా చూడవచ్చు సమాధులలో అదియొకటి. ఆ రాతిపై అతని జన్మసంవత్సరము 1924 అని చెక్కియున్నది. అయిదవ తరగతితో చదువు ఆపి, తల్లిని పోగొట్టుకొని, యుద్ధమునకు పోవుటకై అక్కచేత వ్రాయించుకొన్న ఆ ఒక్క యేడాది అబద్ధము నేటికిని అచ్చటనే యున్నది.